హనుమకొండలో 4.5 పెల్లెట్లు: ఏ డబ్బా కొనాలి, ఎన్ని కొనాలి

తీర్పు ముందే చెప్పేద్దాం. షూటింగ్ పోటీల కోసం పది మీటర్ల ఎయిర్ పిస్టల్ కొట్టేవాళ్ళు షాపులో ఇప్పుడు ఏ ఫ్లాట్ హెడ్ (బల్లపరుపు తల) పెల్లెట్ ఉంటే అది తెచ్చుకోండి, పాయింట్లేమీ పోవు. రైఫిల్ వాళ్ళు ప్రాక్టీస్‌కు మధ్యరకం డబ్బా వాడుకుంటూ, మ్యాచ్ కోసం ఒకే లాట్‌వి, అంటే ఒకే విడతలో తయారైనవి, రెండు మంచి డబ్బాలు పక్కన పెట్టుకుంటే చాలు. పది డబ్బాల అట్టపెట్టె మొత్తం ఎత్తుకొచ్చి బీరువాలో చీరల కింద దాచేవాళ్ళు మాత్రం ఈ రివ్యూ చివరిదాకా చదవాలి. మిగతావాళ్ళకు సరుకు దొరకనిది వాళ్ళ వల్లే.

సరుకు ఏమిటంటే 4.5 మి.మీ. సీసపు పెల్లెట్లు, డబ్బా మీద .177 అని ఉంటుంది. పాతవాళ్ళు కొందరు ఛర్రాలంటారు, ఊళ్ళల్లో పిట్టల తుపాకీ గుండ్లంటారు. (పిట్టల్ని కొట్టడం 1972 నాటి వన్యప్రాణి చట్టం కింద నేరం. ఆ పనికి పెల్లెట్లు వెతికేవాళ్ళకు ఇక్కడ సలహా ఏమీ లేదు.) ఈ సైజులో 20 జూళ్ళ లోపు శక్తి ఉన్న ఎయిర్ రైఫిల్‌కు, పిస్టల్‌కు లైసెన్సు అక్కర్లేదు కాబట్టి పెల్లెట్లు స్పోర్ట్స్ షాపులోనే అమ్ముతారు. ఆధార్ జిరాక్స్ అడిగితే ఇచ్చేయండి, వాదన పెట్టుకోకండి.

హనుమకొండ చౌరస్తా చుట్టుపక్కల గానీ వరంగల్ వైపు గానీ షాపుల్లో పెల్లెట్ అనేది క్రికెట్ బాల్ లాగా రోజూ కదిలే సరుకు కాదు. షటిల్ కాక్‌లు, క్యారమ్ బోర్డుల నడుమ ఒక అద్దాల అరలో కొన్ని డబ్బాలుంటాయి, అంతే. అవి హైదరాబాద్ డీలర్ దగ్గర్నుంచి బస్సు పార్సిల్‌లో వస్తాయి, ఆ డీలర్‌కు దిగుమతిదారు దగ్గర్నుంచి వస్తాయి. డబ్బు బిగబట్టి ఆరు నెలల సరుకు పెట్టుకునేంత గిరాకీ ఎవరికీ లేదు. అందుకే అర ఖాళీ కావడానికి పెద్ద కారణం అక్కర్లేదు. రాష్ట్ర పోటీల తేదీలు వచ్చినా చాలు, ధర పెరుగుతోందని వాట్సాప్‌లో ఒక మెసేజ్ తిరిగినా చాలు. 2024లో పారిస్‌లో షూటింగ్‌కు మూడు కాంస్యాలు వచ్చినట్టు ఎప్పుడైనా పతకాలు వస్తే, పిల్లల్ని కొత్తగా చేర్పించే అమ్మానాన్నల గిరాకీ దానికి తోడవుతుంది.

2025 వానాకాలంలో యూరియా కోసం సొసైటీల ముందు చెప్పులు, పాస్‌బుక్కుల జిరాక్సులు వరుసలో పెట్టిన సంగతి మన జిల్లాల్లో ఎవరికీ విడమర్చి చెప్పక్కర్లేదు. అసలు కొరత కొంత, మళ్ళీ దొరకదేమోనన్న భయం కొంత. రెండు బస్తాలు చాలే మనిషి నాలుగు అడిగితే వెనకాల నిలబడ్డవాడు ఆరు అడుగుతాడు. పెల్లెట్ల అరలో జరిగేదీ అదే. 40 డబ్బాలున్న అర, 12 మంది షూటర్లు అనుకోండి. వారానికి నాలుగు రోజులు, రోజుకు 80 షాట్లు కొడితే నెలకు 1,400 లోపే. అంటే డబ్బాకు 500 లెక్కన ఒక్కొక్కరికి మూడు డబ్బాలు, అందరికీ కలిపి 36. ఇంకా నాలుగు మిగలాలి. అందులో నలుగురు మాత్రం తలా పది పట్టుకుపోతే ఎనిమిది మందికి ఒక్కటీ లేదు. ఆ ఎనిమిది మంది హైదరాబాద్‌కు ఫోన్లు కొడతారు, ఒకే మనిషి మూడు షాపుల్లో ఆర్డర్ చెప్పి పెడతాడు, డీలర్‌కు గిరాకీ మూడింతలు కనిపిస్తుంది. తర్వాత వచ్చే పెద్ద లోడు నెలల తరబడి కదలక పడి ఉంటుంది. అది చూసి షాపాయన పై సీజన్‌కు సరుకు తగ్గించి తెప్పిస్తాడు. మళ్ళీ మొదటికి.

ఇక డబ్బాల సంగతి. నాలుగు తరగతులుగా చూస్తే తేలిక.

అన్నిటికన్నా కింద, ప్లాస్టిక్ డబ్బాలో వచ్చే చవక పెల్లెట్లు. కొత్తగా చేరినవాడు మొదటి నెలలో ట్రిగ్గర్, ఊపిరి, నిలబడే తీరు నేర్చుకోవడానికి వీటితో నష్టం లేదు. కానీ మూత తీయగానే అడుగున సీసపు పొట్టు కనిపిస్తే, అంచుల్లో అచ్చు గీత చేతికి తగులుతుంటే ఆ డబ్బాలోవి మంచి బ్యారెల్ (తుపాకీ గొట్టం)లో పెట్టకండి. పొట్టు బ్యారెల్ మొదట్లో పేరుకుంటుంది, తర్వాత ఏ పెల్లెట్ వేసినా గ్రూప్ (షాట్లన్నీ కలిసి పడే గుంపు) విచ్చుకుంటుంది, మనం మాత్రం నెలంతా గురి చూసే సైట్‌ను తిడుతూ కూర్చుంటాం. ఇదే తరగతిలో మొన తేలినవి, గుండ్రటి తలవి కూడా కలిపి అమ్ముతారు. పేపర్ టార్గెట్‌కు అవి పనికిరావు. బల్లపరుపు తల ఉన్నది కాగితాన్ని పంచింగ్ మిషన్‌లా గుండ్రంగా కోస్తుంది, మొన ఉన్నది చింపుతుంది, చిరుగు ఏ గీతను తాకిందో ఎవరూ తేల్చలేరు.

రెండోది దిగుమతి ప్రాక్టీస్ డబ్బా. ఆర్‌డబ్ల్యూఎస్ హాబీ 0.45 గ్రాములు, గామో మ్యాచ్ 0.49, హెచ్ అండ్ ఎన్ స్పోర్ట్ 0.53. అన్నీ 500 లెక్కన దొరుకుతాయి, అన్నీ ఫ్లాట్ హెడ్. మన దగ్గర ఎక్కువమంది వీటి మీదే ఉండాలి. ఉండరు.

మూడోది ఆర్‌డబ్ల్యూఎస్ మైస్టర్‌కూగెల్న్ లాంటి మధ్య తరగతి. పిస్టల్‌కు 0.45, రైఫిల్‌కు 0.53. స్కూల్ మీట్లు, జిల్లా పోటీలు దీనితో హాయిగా గడిచిపోతాయి. రైఫిల్ పిల్లలకు ఒక్క డబ్బా మాత్రమే కొనే స్థోమత ఉంటే మా ఓటు దీనికే.

నాలుగోది అందరూ ఎగబడేది: ఆర్‌డబ్ల్యూఎస్ ఆర్10, హెచ్ అండ్ ఎన్ ఫినాలే మ్యాచ్, జేఎస్‌బీ మ్యాచ్. బరువులో, తల వ్యాసంలో తేడా చాలా తక్కువగా ఉండేలా ఏరి పెట్టినవి, లోపల నురుగు షీటుతో జాగ్రత్తగా సర్దినవి. తల సైజు కూడా రాసి ఉంటుంది, 4.49, 4.50 అని. బాగుంటాయా అంటే బాగుంటాయి, అందులో రెండో మాట లేదు. ఎవరికి అవసరం అన్నదే ప్రశ్న.

జవాబు టార్గెట్ మీదే అచ్చేసి ఉంది. ఎయిర్ రైఫిల్ టార్గెట్‌లో పది అంటే 0.5 మి.మీ. చుక్క. పెల్లెట్ అంచు ఆ చుక్కను తాకితే పది, అంటే పెల్లెట్ కేంద్రం మధ్య నుంచి 2.5 మి.మీ. లోపల పడాలి. పిస్టల్‌లో పది 11.5 మి.మీ. వలయం. అదే లెక్కన పెల్లెట్ కేంద్రం 8 మి.మీ. దాకా జరిగినా పదే. పైగా క్వాలిఫికేషన్‌లో రైఫిల్‌కు దశాంశాలు లెక్క, 60 షాట్లకు గరిష్ఠం 654.0. పిస్టల్‌కు పూర్ణాంకాలే, 600. అంటే స్టాండ్‌లో బిగించి కొట్టినప్పుడు 10 మి.మీ. గ్రూప్ ఇచ్చే ప్రాక్టీస్ పెల్లెట్ రైఫిల్ షూటర్‌కు పాయింట్లు తినేస్తుంది, పిస్టల్ షూటర్‌కు అసలు అంటదు. పిస్టల్ పోటీలో పోయే పాయింట్లు మణికట్టులోనూ ట్రిగ్గర్ వేలిలోనూ పోతాయి. అయినా ఆర్10 వచ్చిందని తెలియగానే మొదట షాపులో వాలేది పిస్టల్ పిల్లల నాన్నలే. వాళ్ళు ఆగితే రైఫిల్ వాళ్ళకు సరిపోను సరుకు అరలోనే ఉంటుంది.

ఇంకో మాట కూడా ఎక్కువమందికి పట్టదు. పేరు ఒకటే అయినంత మాత్రాన డబ్బా ఒకటే కాదు. డబ్బా మీద లాట్ నంబర్ ఉంటుంది. ఒక లాట్ మీ బ్యారెల్‌కు కుదిరి, అదే కంపెనీ అదే సైజు వేరే లాట్ కుదరకపోవచ్చు. కాబట్టి భయంతో మూడు షాపుల్లో మూడు లాట్లవి పది డబ్బాలు పోగేసినవాడి దగ్గర ఉన్నది ఐదు వేల మ్యాచ్ పెల్లెట్లు కాదు, పరీక్షించని మూడు రకాల ప్రాక్టీస్ పెల్లెట్లు. ఖరీదు మాత్రం మ్యాచ్‌ది.

పరీక్ష ఎలా చేయాలంటే, ముందు ఫెల్ట్ పెల్లెట్‌తో (శుభ్రం చేయడానికి వాడే మెత్తటి ముక్క) బ్యారెల్ తుడవండి. కొత్త లాట్‌తో 20, 30 షాట్లు ఊరికే పోనివ్వండి, సీసం పూత కుదురుకుంటుంది. తర్వాత రైఫిల్‌ను వైస్‌లోనో ఇసుక సంచుల మీదో గట్టిగా ఆనించి, ఐదేసి షాట్ల గ్రూపులు ఐదు, ఒక్కోటి కొత్త కాగితం మీద. బయటి అంచు నుంచి బయటి అంచుకు కొలిచి 4.5 తీసేస్తే కేంద్రాల మధ్య దూరం వస్తుంది. బయటి కొలత 7 వస్తే అసలు గ్రూప్ 2.5. ఐదింట్లో బాగున్న ఒక్కటి ఫోటో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టడం పరీక్ష కాదు. ఐదింట్లో చెత్తది ఎంత వచ్చిందో అదే ఆ లాట్ కొలత. ఈ పనికి పాతిక, ముందు వేసినవి కలిపితే 50 పెల్లెట్లు ఖర్చు. అంటే డబ్బాలో పదో వంతు. లాట్‌లో రెండు డబ్బాలైనా ఉంటేనే ఆ ఖర్చు గిట్టుతుంది.

డబ్బాను షాపులోనే చూసుకోవాల్సిన తీరు వేరే ఉంది. మూత తీయించండి, ఒప్పుకోకపోతే బిల్లు వేశాక కౌంటర్ దగ్గరే తీయండి. పెల్లెట్ చూడ్డానికి బుడబుక్కలాయన డమరుకం ఉన్నట్టే ఉంటుంది: ముందు తల, మధ్యలో సన్నటి నడుము, వెనక పల్చటి గోడతో బోలుగా ఉండే స్కర్ట్. దెబ్బ తగిలేది ఎప్పుడూ ఆ స్కర్ట్‌కే. గోరుతో నొక్కినా వంగేంత మెత్తన. పది పెల్లెట్లు తీసి అద్దం మీద, ఫోటో ఫ్రేమ్ అద్దమైనా సరే, కొద్దిగా వాలుగా పెట్టి దొర్లించండి. తల కన్నా స్కర్ట్ కొంచెం పెద్దది కాబట్టి పెల్లెట్ నేరుగా పోదు, ఒక వంపు తిరుగుతూ పోతుంది. అన్నీ ఒకే వంపులో పోతే మంచిది. నొక్కుపడ్డది మధ్యలో కుంటుతుంది, అడుగడుగునా చిన్నగా ఎగురుతుంది, కంటికి కనపడకపోయినా చెవికి టక్ టక్ అని తెలుస్తుంది. పదిలో ఒకటి కుంటితే ఫర్వాలేదు. మూడు కుంటితే ఆ డబ్బా ఎక్కడో కింద పడింది. ప్రాక్టీస్‌కు ఉంచుకోండి, మ్యాచ్‌కు వద్దు.

పెల్లెట్లు తూకం వేసే పిచ్చి ఒకటి ఈ మధ్య బయల్దేరింది. 0.53 గ్రాముల పెల్లెట్‌లో తేడాలు కొన్ని మిల్లీగ్రాములే. వంటింటి కాంటా సంగతి వదిలేయండి, 0.01 గ్రాము చూపేది కూడా ఇందుకు చాలదు, మిల్లీగ్రాము చూపేది కావాలి. అది దొరికినా, ఆ గంటన్నర డ్రై ఫైర్ (పెల్లెట్ లేకుండా ట్రిగ్గర్ నొక్కే సాధన) చేసుకుంటే స్కోర్ ఎక్కువ పెరుగుతుంది.

తెల్లటి బూజులాంటి పొడి పట్టిన పెల్లెట్లు అంటగడితే తిరిగి ఇచ్చేయండి. అది తేమ సీసాన్ని తినేసిన గుర్తు. మన ఎండలకు పెల్లెట్ ఏమీ కాదు, వానాకాలం చెమ్మతోనే జాగ్రత్త. మూత బిగించి, లోపల ఒక సిలికా జెల్ పొట్లం పడేస్తే ఏళ్ళు ఉంటుంది. పెల్లెట్లు నోట్లో పెట్టుకుని ఒక్కోటి తీసి వేసే పాత అలవాటు ఇంకా కొందరికి ఉంది. అది సీసం, విషం. షూటింగ్ అయ్యాక సబ్బుతో చేతులు కడిగాకే మిర్చీ బజ్జీ.

షాపుల సర్వీసుకు వస్తే, పేర్లు పెట్టకుండా రెండు రకాలు చెప్పుకోవచ్చు. సరుకు తక్కువున్నప్పుడు మనిషికి రెండు డబ్బాలే అని గట్టిగా చెప్పే షాపాయన మీద చాలామంది విసుక్కుంటారు. మా మార్కులు ఆయనకే. పోటీ వారం వచ్చేసరికి ఆయన అరలోనే ఇంకా ఏదో ఒకటి ఉంటుంది. అసలు వెళ్ళకూడని షాపు ఏదంటే, మ్యాచ్ డబ్బా విప్పి వంద చొప్పున పాలిథీన్ కవర్లో పోసి విడిగా అమ్మేది. లాట్ నంబర్ పోయింది, నురుగు పోయింది, కవర్లో ఒకదాని మీద ఒకటి పడి స్కర్టులు నొక్కుకుపోయాయి. పేరు మాత్రమే ఆర్10. బరువుకు కొన్న బఠాణీలకూ దీనికీ తేడా లేదు.

కొరత రోజుల్లో ధర కూడా చూసుకోవాలి. దిగుమతి డబ్బా మీద దిగుమతిదారు పేరు, చిరునామా, నెల, సంవత్సరం, ఎమ్మార్పీ ఉన్న స్టిక్కర్ ఉండి తీరాలి, 2011 నాటి ప్యాకేజ్డ్ కమోడిటీస్ రూల్స్ ప్రకారం. స్టిక్కర్ లేదంటే సరుకు సరైన దారిలో రాలేదనుకోవాలి, నకిలీ అయినా అడిగే నాథుడుండడు. ఎమ్మార్పీ మీద అదనంగా అడిగితే బిల్లు ఇవ్వమనండి. ఆ ఒక్క మాటతో చాలాసార్లు అదనం మాయమవుతుంది. కాకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది, తూనికలు కొలతల శాఖ ఉంది. ఇంకో తిరకాసు: ఖాళీ అరలో .22 అని రాసిన డబ్బా ఒంటరిగా కనిపిస్తే సంబరపడకండి. అది 5.5 మి.మీ., మన 4.5 బ్యారెల్‌లోకి వెళ్ళదు. కౌంటర్లో కుర్రాళ్ళకు ఈ తేడా తెలియక ఇచ్చేస్తుంటారు.

హైదరాబాద్ నుంచి నేరుగా తెప్పించుకునేవాళ్ళకు ఆర్టీసీ కార్గో బాగానే పనికొస్తుంది. అయితే ఏ పార్సిల్‌నైనా ఎవరో ఒకరు విసిరేస్తారనుకునే ప్యాక్ చేయించాలి. డీలర్‌కు మూడు మాటలు చెప్పండి: ప్రతి డబ్బా మూత చుట్టూ టేపు, డబ్బాల మధ్య కాగితం కుక్కడం, అట్టపెట్టె ఊపితే చప్పుడు రాకూడదు. సగం నిండిన డబ్బా మాత్రం ఎప్పుడూ పంపించుకోకండి. నిండు డబ్బాలో పెల్లెట్లకు కదిలే చోటుండదు, సగం డబ్బాలో నూట యాభై కిలోమీటర్ల దూరం ఒకదాన్నొకటి కొట్టుకుంటూ వస్తాయి. డబ్బా మొత్తం లాట్ నంబర్ కనిపించేలా ఫోటో పంపమని అడగడం తప్పు కాదు, ఐదు డబ్బాలు తీసుకునేటప్పుడు తప్పనిసరి.

వాడే పెల్లెట్ దొరక్క వేరే బరువుకు మారితే ఏమవుతుందో లెక్కేసి చూపిస్తే నమ్మకం కుదురుతుంది. మ్యాచ్ ఎయిర్ రైఫిల్ శక్తి సుమారు 7.5 జూళ్ళు. ఆ శక్తితో 0.53 గ్రాముల పెల్లెట్ సెకనుకు దాదాపు 168 మీటర్ల వేగంతో, 0.45 గ్రాములది 182 మీటర్ల వేగంతో బయల్దేరుతుంది. పది మీటర్లు పోయేలోపు మొదటిది పదిహేడున్నర మిల్లీమీటర్లు, రెండోది పదిహేను మిల్లీమీటర్లు కిందికి దిగుతుంది. తేడా రెండున్నర. రైఫిల్ టార్గెట్‌లో వలయానికీ వలయానికీ మధ్య దూరం సరిగ్గా అదే. అంటే తేలిక డబ్బాకు మారి సైట్ ముట్టుకోకపోతే, చేయి ఎంత నిలకడగా ఉన్నా గ్రూప్ ఒక వలయం పైకి జరుగుతుంది. బ్యారెల్ అదురు వల్ల పక్కకూ జరగొచ్చు. అందుకని మారిన రోజు మారిన డబ్బాతోనే సైట్ సరిచేసి, ఎన్ని క్లిక్కులు ఎటు తిప్పారో డైరీలో రాసుకోండి. మ్యాచ్ డబ్బాకు తిరిగి వచ్చినప్పుడు అన్నే క్లిక్కులు వెనక్కి. ప్రాక్టీస్‌కు, మ్యాచ్‌కు ఒకే బరువు వాడితే ఈ తలనొప్పి చాలావరకు తగ్గుతుంది. మ్యాచ్‌కు 0.53 అనుకుంటే ప్రాక్టీస్‌కు హాబీ కన్నా స్పోర్ట్ మేలని చెప్పేది ఇందుకే.

ఎన్ని కొనాలి? వారానికి నాలుగు రోజుల షూటర్‌కు నెలకు మూడు డబ్బాలని పైన లెక్క తేలింది. రెండు నెలల నిల్వ, అంటే ఆరు డబ్బాల ప్రాక్టీస్ సరుకు చేతిలో ఉంటే ఏ కొరతా తాకదు, ఆ లోపు ఏదో ఒక లోడు వస్తుంది. ఒక్కసారి ఆరు కొనకండి, నెలకొకటి అదనంగా కొంటూ ఆరుకు చేరండి. మ్యాచ్ పెల్లెట్లకు వేరే లెక్క: పోటీ 60 షాట్లు, ముందు సైటింగ్‌కు 20, మొత్తం 80. ముందు రోజు రిహార్సల్‌కు మరో 80. ఒక డబ్బాలో మూడు పోటీలు వెళ్ళిపోతాయి. ఏడాదికి ఐదారు మీట్లు ఆడే పిల్లవాడికి ఒకే లాట్ రెండు డబ్బాలు ధారాళం. పది డబ్బాల లెక్క ఏ దారిలోనూ రాదు.

నిల్వ తగ్గినప్పుడు షాట్లలో సగం డ్రై ఫైర్‌కు మార్చుకోవచ్చు, నష్టపోయేది తక్కువే. ఒక్కటే హెచ్చరిక. డ్రై ఫైర్ మీట ఉన్న మ్యాచ్ రైఫిళ్ళతోనే ఈ పని చేయాలి. స్ప్రింగ్ పిస్టన్ రైఫిల్‌ను, అంటే బ్యారెల్ విరిచి లోడ్ చేసే మామూలు రకాన్ని, పెల్లెట్ లేకుండా పేల్చకండి. ముందు గాలిని అడ్డుకునే పెల్లెట్ లేకపోతే పిస్టన్ మెత్త లేకుండా పోయి సిలిండర్ చివర గుద్దుతుంది, సీల్ పోతుంది, తర్వాత స్ప్రింగ్. పెల్లెట్లు మిగిల్చబోయి రైఫిల్ రిపేరుకు ఇచ్చుకోవాలి.

అమెరికాలో తూటాలు దొరకడం లేదన్న వార్త చూసి ఇక్కడ పెల్లెట్ల కోసం పరుగెత్తేవాళ్ళు కూడా ఉన్నారు. ఆ కథ వేరు. 2013లో అక్కడ .22 తూటాలు అరల్లోంచి మాయమైనా, 2020–21లో మళ్ళీ అన్ని రకాలూ కరువైనా, తుపాకీ చట్టాలు బిగుస్తాయన్న భయం, ఆ తర్వాత కోవిడ్ రోజుల ఎగబాటు అందులో పెద్ద పాత్ర పోషించాయి. సరిగ్గా గిరాకీ ఎక్కువున్న 2020లోనే రెమింగ్టన్ కంపెనీ దివాలా తీసింది, దాని తూటాల ఫ్యాక్టరీ చేతులు మారింది. తూటాకు ప్రైమర్ (మందును రాజేసే భాగం) కావాలి, మందు కావాలి. .22 రిమ్‌ఫైర్‌లోనైతే ప్రైమర్ మందును కేసు అంచులోకి తిప్పి పట్టించే ప్రత్యేకమైన మిషన్లు కావాలి, రాత్రికి రాత్రి ఇంకో లైను పెట్టలేరు. మన పెల్లెట్‌కు ఇవేవీ లేవు. సీసం తీగ, అచ్చు, ప్రెస్. అక్కడి ప్రైమర్ కరువుకు ఇక్కడి హాబీ డబ్బా ఆగిపోదు.

.22 తూటాల రైఫిల్ వాళ్ళ బాధ మాత్రం నిజమైనదే. 50 మీటర్లకు ఈలీ టెనెక్స్, లాపువా సెంటర్-ఎక్స్, ఎస్‌కే లాంటి తూటాలన్నీ లైసెన్సు సరుకు, పెట్టెకు 50, పది పెట్టెల బ్రిక్‌కు 500. పది మీటర్లలో లాట్ గురించి చెప్పింది అక్కడ నాలుగింతలు నిజం, కానీ పరీక్షించుకునేంత సరుకు చేతికి రావడమే కష్టం. పొలం కాపలాకు 12 బోర్ తుపాకీ ఉన్నవాళ్ళకైతే లైసెన్సులో రాసిన సంఖ్యే హద్దు, ఎగబడి కొనే వీలే లేదు. ఎన్నికల కోడ్ వస్తే తుపాకీ స్టేషన్‌లో డిపాజిట్, అప్పుడు తూటాలతో పనే ఉండదు.

చివరగా, పోటీ వారంలో నిజంగానే డబ్బా అడుగంటినవాళ్ళ కోసం. మ్యాచ్ పెల్లెట్లు 200 మిగిలాయనుకోండి. 80 పోటీకి, 80 ముందు రోజు రిహార్సల్‌కు. మిగిలిన 40లో పది సైట్ సరిచూసుకోవడానికి, పది చేతి నుంచి జారి కింద పడేవాటికి, ఇరవై ముట్టుకోవద్దు. వారంలో తక్కిన రోజులు ప్రాక్టీస్ డబ్బా, డ్రై ఫైర్. పోటీ ముందు రాత్రి 90 పెల్లెట్లు ఏరి, అద్దం మీద దొర్లించి, గుంతలున్న పెల్లెట్ బాక్సులో తలకిందికి, స్కర్ట్ పైకి పెట్టి సర్దండి. పొద్దున బ్యాగ్‌లో దాన్ని నిలువుగా పెట్టకండి, పడుకోబెట్టండి.